బిస్కెట్ల డబ్బాలో కెప్టెన్

మన వైపు ఇంటిపేర్లలో చాలావరకు ఊరిపేర్లే. తాతముత్తాతలు ఎప్పుడో వదిలి వచ్చిన పల్లె ఇప్పటికీ మన పేరుకి ముందు నిలబడి ఉంటుంది. నేను పన్నెండేళ్ళుగా ఉంటున్న క్రైస్ట్‌చర్చ్‌లో ఇది తిరగబడింది. ఇక్కడ ఒక మనిషి ఇంటిపేరే ఊరికి పెట్టారు. సముద్రం ఒడ్డున కొండల కింద ఒదిగిన పేట పేరు సమ్నర్. పందొమ్మిదో శతాబ్దం నడుమ ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ళు కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జాన్ బర్డ్ సమ్నర్ పేరు దానికి పెట్టుకున్నారు. అంతకు ఎంతో ముందే మావోరీలకు ఆ ఒడ్డు మాతుకు తకోతకో.

నేను ఈ ఊరికి వచ్చింది 2013లో. 2011 ఫిబ్రవరి 22 నాటి భూకంపం 185 మందిని పొట్టనపెట్టుకుంది. ఆ తర్వాత ఊరిని తిరిగి కట్టే పనుల కోసం దిగిన ఇంజనీర్లలో నేనూ ఒకణ్ణి. అప్పటికింకా సమ్నర్ దారి పొడవునా, కొండచరియలు రోడ్డు మీద పడకుండా ఓడల్లో వాడే ఇనప కంటైనర్లను గోడలా పేర్చి ఉంచారు. అందుకని చాలాకాలం నాకు సమ్నర్ అంటే ఆ కంటైనర్లే.

మా వీధి చివర ఇంటి పెద్దాయనకి మాత్రం సమ్నర్ అంటే సముద్రమూ కాదు, కంటైనర్లూ కాదు. స్టీవ్ సమ్నర్. 1982 ప్రపంచ కప్‌లో న్యూజీలాండ్ ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్.

మేముండే సెయింట్ ఆల్బన్స్ పేటలోనే, క్రాన్‌ఫర్డ్ వీధి పక్కన ఇంగ్లిష్ పార్క్ అనే మైదానం ఉంది. ఇప్పుడక్కడ కృత్రిమ పచ్చిక, సాయంత్రమైతే పిల్లల కోచింగ్ శిబిరాలు. రోజూ దాని పక్కనుంచే కారులో పోతూ, ఎన్నడూ తల తిప్పి చూసినవాణ్ణి కాదు. ఓ శనివారం పెద్దాయన నన్ను అక్కడికి తీసుకెళ్ళి, కంచె పట్టుకుని నిలబడి, ఇది మా ఊరి చరిత్రలో సగం అన్నాడు.

ఆయన చెప్పిన చరిత్ర 1970లో మొదలవుతుంది. ఆ ఏడు న్యూజీలాండ్‌లో జాతీయ లీగ్ పెట్టారు. ఊళ్ళోని చిన్న చిన్న క్లబ్బుల నుంచి ఆటగాళ్ళను చేర్చి, ఊరంతటికీ ఒకే జట్టుగా క్రైస్ట్‌చర్చ్ యునైటెడ్‌ని నిలబెట్టారు. దాని సొంత గడ్డ ఈ ఇంగ్లిష్ పార్కే. ఇది రగ్బీ దేశం. ఇక్కడివాళ్ళు అప్పట్లో ఫుట్‌బాల్‌ని సాకర్ అనేవారు. రగ్బీకి పనికిరానివాళ్ళు, ఇంగ్లండ్ నుంచి దిగినవాళ్ళు ఆడుకునే ఆటగా చూసేవారు. అలాంటి ఊళ్ళో ఈ జట్టు 1973, 1975, 1978ల్లో లీగ్ గెలిచింది. దేశంలో పాత నాకౌట్ పోటీ అయిన చాతమ్ కప్‌ని 1972లోనూ, 1974 నుంచి వరసగా మూడేళ్ళూ ఇంటికి తెచ్చింది.

ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో 1955 ఏప్రిల్ 2న పుట్టిన సమ్నర్ పద్దెనిమిదేళ్ళు అటూ ఇటూగా ఉన్నప్పుడు, 1973లో ఈ జట్టుకే ఆడటానికి వచ్చాడు. మిడ్‌ఫీల్డ్ ఆటగాడు. పెద్దాయన అప్పుడు బడిపిల్లవాడు. కంచె మీద కూర్చుని చూసేవాడట. ఆటగాళ్ళు బంతి విసరడానికి గీత దగ్గరికి వస్తే వాళ్ళ ఊపిరి పొగ కనిపించేదని చెప్పాడు. చలికాలపు మధ్యాహ్నాల్లో ఆ పొగని చూస్తూ పెరిగినవాడికి సమ్నర్ ఎవరో పరాయిదేశం మనిషిలా ఎలా అనిపిస్తాడు?

ఇక 1981 సంగతి. మా ఊరివాళ్ళు ఆ ఏడాదిని ఇప్పటికీ గొంతు తగ్గించి తలుచుకుంటారు. జాతివివక్ష పాలనలో ఉన్న దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు ఆ ఏడు ఇక్కడ పర్యటించింది. రానివ్వకూడదని కొందరు, ఆట ఆటేనని కొందరు దేశమంతా రెండుగా చీలిపోయారు. అన్నదమ్ములకి మాటల్లేకుండా పోయిన ఇళ్ళున్నాయి. మొదటి టెస్ట్ ఆగస్టు 15న మా ఊళ్ళోని లాంకాస్టర్ పార్క్‌లోనే జరిగింది. లోపల రగ్బీ, బయట నిరసనకారులూ పోలీసులూ. ఆ మర్నాడు, ఆగస్టు 16న ఆక్లాండ్ మౌంట్ స్మార్ట్ మైదానంలో న్యూజీలాండ్ ఫుట్‌బాల్ జట్టు ఫిజీని 13-0తో ఓడించింది. ప్రపంచ కప్ అర్హత పోటీల్లో అప్పటికి అంత పెద్ద గెలుపు లేదు. ఆ పదమూడులో ఆరు గోల్స్ సమ్నర్‌వి.

చీలిపోయిన ఇంట్లో అందరూ కలిసి కూర్చోవడానికి ఒక కారణం కావాలి. ఆ కారణం మాకు తెల్ల జెర్సీల్లో వచ్చింది అంటాడు పెద్దాయన. రగ్బీ జట్టు నల్లదుస్తుల ఆల్ బ్లాక్స్ అయితే, ఆపాదమస్తకం తెల్లదుస్తుల్లో దిగిన ఈ జట్టుకి ఆల్ వైట్స్ అనే పేరు ఆ పోటీల్లోనే స్థిరపడింది. కోచ్ జాన్ ఆడ్‌షెడ్, ఆయనకి తోడు కెవిన్ ఫాలన్. ప్రపంచ కప్‌కి చేరడానికి ఆ జట్టు ఆడిన మ్యాచ్‌లు 15. చివరి లీగ్ మ్యాచ్‌లో రియాద్‌లో సౌదీ అరేబియాని 5-0తో కొడితేగాని చైనాతో సమానం కాలేని పరిస్థితి. సరిగ్గా 5-0తోనే కొట్టారు. 1982 జనవరి 10న సింగపూర్‌లో చైనా మీద 2-1తో గెలిచి, మొట్టమొదటిసారి ప్రపంచ కప్‌లో అడుగుపెట్టారు. ఆ రోజు గోల్స్ వేసినవాళ్ళు స్టీవ్ వుడిన్, వింటన్ రూఫర్.

పెద్దాయన ఇంట్లో గ్రిఫిన్స్ కంపెనీ బిస్కెట్ల రేకు డబ్బా ఒకటుంది. మన ఇళ్ళలో అలాంటి డబ్బాల్లో సూదులూ దారాలూ బొత్తాలూ దాస్తాం కదా. ఆయన పేపర్ కత్తిరింపులు దాచుకున్నాడు. మూత తీస్తే ముందు పాత కాగితం వాసన, ఆ వెనకే ఇనప తుప్పు వాసన వచ్చింది. మడతల దగ్గర కాగితం చిరిగిపోతుంటే వెనక టేపు అంటించాడు. ఆ టేపు కూడా ఇప్పుడు తేనె రంగుకి తిరిగింది. అన్నిటికంటే పైన ఉన్నది 1982 జూన్ నాటి కత్తిరింపు. స్పెయిన్‌లోని మలాగాలో స్కాట్లాండ్‌తో ఆడిన మ్యాచ్ గురించి.

అక్కడ జూన్ 15 రాత్రి తొమ్మిది. ఇక్కడ జూన్ 16 బుధవారం పొద్దున్న ఏడు. నడి చలికాలం. తండ్రి పనికి వెళ్ళలేదు, ఈయన కూడా ఇల్లు కదల్లేదు. హీటర్ ముందు దుప్పట్లు కప్పుకుని టీవీ చూస్తున్నారు. సగం ఆటకే 3-0తో వెనకబడ్డారు. వాళ్ళమ్మ ఇక లేచి తెమలండి అంటోంది. 54వ నిమిషంలో స్కాట్లాండ్ గోల్ ముందు తికమక ఏర్పడింది. అందులోకి సమ్నర్ చొరబడి బంతిని లోపలికి తోశాడు. ప్రపంచ కప్ చరిత్రలో న్యూజీలాండ్‌కి తొలి గోల్ అదే. పదినిమిషాలకి వుడిన్ ఇంకొకటి వేశాడు. 3-2. ఆ తర్వాత స్కాట్లాండ్ మరో రెండు వేసి 5-2తో గెలిచింది. సోవియట్ యూనియన్ 3-0తో, జికో ఉన్న బ్రెజిల్ 4-0తో ఓడించాయి. మూడు మ్యాచ్‌లూ ఓటమే. అయినా పెద్దాయన ఆ 3-2 నిలిచిన కొద్ది నిమిషాల గురించి చెప్పేటప్పుడు, గెలిచిన పోటీ గురించి చెబుతున్నట్టే ఉంటుంది.

నాకు ఇందులో ఇంకో సంగతి కనబడింది. ఈ దేశానికి తొలి గోల్ వేసినవాడు ఈ దేశంలో పుట్టినవాడు కాదు. ఆ రోజు స్కాట్లాండ్‌తో ఆడిన జట్టులో స్కాట్లాండ్‌లోనే పుట్టినవాళ్ళూ ఉన్నారు. రూఫర్ తండ్రి స్విట్జర్లాండ్ మనిషి, తల్లి మావోరీ. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి ఒక ఊరి గడ్డ మీద చెమటోడ్చి, ఆ ఊరివాళ్ళయ్యారు. ఇక్కడి తెలుగువాళ్ళం పండగలప్పుడు అద్దెకి తీసుకున్న హాళ్ళలో కలుసుకున్నప్పుడల్లా, మన పిల్లలు ఎక్కడివాళ్ళు అవుతారనే మాట రాక మానదు. ఆ ప్రశ్నకి ఇంగ్లిష్ పార్క్ కంచె దగ్గర నాకు కొంత జవాబు దొరికింది.

సమ్నర్ తర్వాత ఇతర ఊళ్ళకీ, ఆస్ట్రేలియా క్లబ్బులకీ ఆడాడు. 2010లో ఫిఫా ఆయనకి ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చింది. చివరి ఏళ్ళు మా ఊళ్ళోనే గడిపాడు. అప్పుడే ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడింది.

ప్రోస్టేట్ అనేది మగవాళ్ళకి మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి. అందులో పుట్టే క్యాన్సర్ తొలి దశలో చాలామందికి ఏ బాధా పెట్టదు. పీఎస్ఏ అనే రక్తపరీక్షతో అనుమానం తెలుస్తుంది. న్యూజీలాండ్‌లో ఏటా సుమారు 4,000 మందికి ఈ జబ్బు బయటపడుతుంది, 700 మంది దాకా చనిపోతున్నారు. సమ్నర్ తన జబ్బు సంగతి దాచుకోలేదు. మగవాళ్ళు పరీక్ష చేయించుకోవాలని అందరికీ వినబడేలా చెప్పాడు. ఈ దేశంలో మగవాడంటే గొర్రెలమందల మధ్య, రగ్బీ మైదానాల్లో దెబ్బ తగిలినా పళ్ళు బిగబట్టుకునేవాడని పేరు. అలాంటిచోట ఒక కెప్టెన్ నోరు విప్పి ఆ జబ్బు పేరు చెప్పడం చిన్న విషయం కాదు.

ఆ వార్త నన్ను కుదిపింది, కారణం మా నాన్న. మాది సికింద్రాబాద్ బొల్లారం. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ చెప్పేది, మీ నాన్న రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేస్తున్నారని. నేను అడిగితే ఆయన, వయసు మీద పడితే అందరికీ ఉండేదేలేరా అని మాట మార్చేవాడు. కొడుకుతో ఒంటేలు సంగతి మాట్లాడటం ఆయన తరంలో లేదు. అడగడం నాకూ చేతకాలేదు.

కానీ ఫుట్‌బాల్ గురించి మా ఇద్దరికీ ఎంత మాట్లాడినా తరగదు. మాకు పక్కనే ఉన్న అమ్ముగూడలో పుట్టినవాడు తులసీదాస్ బలరాం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టులో ఉన్నాడు. ఆ జట్టు కోచ్ మన హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకూ వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీం సాబ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతూనే 1962లో జకార్తా ఆసియా క్రీడలకి జట్టుని తీసుకెళ్ళారు. సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకంతో తిరిగొచ్చారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. మా నాన్న చిన్నతనమంతా ఈ కథలే.

ఓ ఆదివారం నాన్నకి ఫోన్ చేసి సమ్నర్ కథ చెప్పాను. ఫిజీ మీద ఆరు గోల్స్ నుంచి మొదలుపెట్టి, మలాగా మీదుగా, చివరికి ఆ జబ్బు దగ్గరికి వచ్చాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత ఆయనే అడిగాడు, ఆ కెప్టెన్‌కి ముందు ఏమనిపించేదటరా అని. మా తండ్రీకొడుకుల మధ్య ఆ మాట రావడానికి నలభై ఏళ్ళు పట్టింది. ఆ వారమే పరీక్షకి వెళ్ళాడు. జబ్బు ఉందని తేలింది. అయితే అందుకోగలిగిన దశలో తేలింది.

అందుకే అభిమానులు పాత ఆటగాణ్ణి తలుచుకోవడం ఉబుసుపోక కబురని ఎవరన్నా నేను ఒప్పుకోను. మగవాళ్ళు ఒంటి బాధ చెప్పుకోరు గానీ ఆట గురించి గంటలు మాట్లాడతారు. సమ్నర్ ఆ మాటల మధ్యలోకి తన జబ్బుని తెచ్చి పెట్టాడు. ఆయన వేసిన గోల్స్‌లో నాకు బాగా అక్కరకొచ్చింది అదే.

2017 ఫిబ్రవరి మా ఊళ్ళో ఎవరూ మరిచిపోలేని నెల. 8వ తేదీ బుధవారం 61 ఏళ్ళ వయసులో సమ్నర్ పోయాడు. 13న పోర్ట్ హిల్స్ అంటుకుని ఊరి దక్షిణాన ఆకాశమంతా పొగ కమ్మింది. 22న ఏవన్ నది ఒడ్డున భూకంప మృతుల పేర్లు చెక్కిన స్మారక గోడని తెరిచారు. పెద్దాయన ఆ గోడ ముందు నిలబడి 185 పేర్లూ చదివి వచ్చాడు. ఇంటికొచ్చి డబ్బా తీసి, అడుగున ఉన్న ఒక కవరు నాకు చూపించాడు. జబ్బు సంగతి తెలిసినప్పుడు సమ్నర్‌కి రాసుకున్న ఉత్తరం. కంచె మీద కూర్చున్న పిల్లవాడిగా తను చూసినదంతా అందులో ఉంది. స్టాంపు కూడా అంటించాడు. ఇంత పెద్ద మనిషికి నా ఉత్తరం దేనికిలే అనుకుని పోస్టు చెయ్యలేదు.

చాతమ్ కప్ ఫైనల్లో ఉత్తమ ఆటగాడికి ఇప్పుడు స్టీవ్ సమ్నర్ ట్రోఫీ ఇస్తున్నారు. 2025 మార్చి 24న ఈడెన్ పార్క్‌లో న్యూ కలడోనియాని 3-0తో ఓడించి న్యూజీలాండ్ మూడోసారి ప్రపంచ కప్‌కి చేరింది. ఆ రాత్రి పెద్దాయన ఇంట్లోనే చూశాను. ఆట అయ్యాక డబ్బా మూత తీశాడు, ఏమీ బయటికి తియ్యకుండానే మళ్ళీ మూశాడు.

బలరాం 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో పోయినప్పుడు నాన్న కూడా అలాగే కాసేపు ఊరుకుండిపోయి, ఆయనకి ఒక్కసారైనా ఉత్తరం రాయవలసింది అన్నాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఫోన్‌లో నాన్న చెబుతుంటే నేను రాసుకుంటున్నాను. ఫతే మైదాన్, పోలీస్ జట్టు, అమ్ముగూడ సందుల్లో కాళ్ళకి ఏమీ లేకుండా ఆడిన పిల్లలు. ఇప్పటికి రెండు నోటు పుస్తకాలు నిండాయి. నాన్నకి మందులు నడుస్తున్నాయి. వచ్చే వారం జకార్తా ఫైనల్ సంగతి మళ్ళీ మొదటినుంచి చెబుతానన్నాడు.