నగరోద్యానాలు – ప్రజాభిప్రాయం

నగరంలో పార్కు వేయడం నిర్వివాదమైన సత్కార్యమని మనలో చాలామంది నమ్మకం. చెట్టు నాటితే కాదనేవాడెవడు? పిల్లలకు ఆటస్థలం వద్దనేవాడెవడు? కనుక యీ విషయంలో జనాన్ని అడగవలసిన పనేమున్నది, నిపుణులకు తెలియదా అని వాదించేవారూ వున్నారు. యీ వాదం పైకి కనిపించినంత అమాయకమైనది కాదు. ఎవరి కోసం, ఎవరిని అడిగి అన్న ప్రశ్నల మీద జరిగిన పెనుగులాటే నగరోద్యానాల చరిత్ర అని నా అభిప్రాయం.

ప్రబంధాలు పాఠం చెప్పే నాబోటివాడికి ఉద్యానం అనగానే అష్టాదశ వర్ణనలు గుర్తుకు వస్తాయి. ఆ ఉద్యానం రాజుది. అందులో విహరించేది నాయికా, ఆమె చెలికత్తెలూ. పాదులు తీసినవాడికి, నీళ్లు మోసినవాడికి అక్కడ విహారం లేదు. వూరి జనానికి వున్నవి వేరు – చెరువుగట్టు, రచ్చబండ, మామిడితోపు, పశువులు తిరిగే బయలు. వాటికి కావ్యాలలో వర్ణనలు తక్కువ, కాని వాడుక హక్కు వుండేది. ఆ హక్కు మధ్యన కూడా కులం గీతలు గీసిందన్న సంగతి మరువరాదు. నేటి పార్కు యీ రెంటిలో దేనికి వారసత్వం వహిస్తున్నది – రాజోద్యానానికా, వూరుమ్మడి బయలుకా?

పారిశ్రామిక విప్లవం తొలుత వచ్చిన దేశంలోనే యీ ప్రశ్న కూడా తొలుత పదునెక్కింది. 1833లో బ్రిటిష్ పార్లమెంటు నియమించిన సెలక్టు కమిటీ ఒకటి ప్రజలు నడిచి సేదదీరే స్థలాలను గురించి విచారించింది. పట్టణాలు పెరుగుతున్నకొద్దీ బయళ్లు మూతపడుతున్నాయనీ, శ్రామికులకు ఆరుబయట అడుగు పెట్టే చోటు లేకుండా పోతున్నదనీ తేల్చింది. అంతవరకు బాగున్నది. అయితే పార్కు ఎందుకు కావాలి? భార్యాబిడ్డలతో షికారుకు వచ్చే పనివాడు శుభ్రమైన బట్ట కట్టుకుంటాడట, సారాకొట్టుకు దూరమవుతాడట, క్రమశిక్షణ నేర్చుకుంటాడట. ఆ నివేదికలో శ్రామికుడు చర్చకు విషయమే గాని చర్చించేవాడు కాడు.

అడగకపోయినా శ్రామికులు చెప్పారు. తమకొక పార్కు కావాలని 1840లో తూర్పు లండన్ వాసులు ముప్పైవేల సంతకాలతో విక్టోరియా రాణికి అర్జీ పెట్టుకున్నారు. 1841లో చట్టం వచ్చింది, 1845లో విక్టోరియా పార్కు తెరిచారు. ఇది ప్రభువుల దానమని చెప్పుకోవచ్చు గాని, దానం వెనుక ముప్పైవేల చేతులున్నాయి.

అదే నగరంలో థేమ్సు నదికి దక్షిణాన మరొక కథ నడిచింది. 1848 ఏప్రిల్ 10న కెన్నింగ్టన్ బయలులో చార్టిస్టులు వోటుహక్కు కోసం మహాసభ జరిపారు. ఆరేళ్లు తిరిగేసరికి, 1854లో, ఆ ఉమ్మడి బయలు చుట్టూ కంచెతో, లోపల పూలమళ్లతో పార్కుగా మారింది. నడవడానికి బాటలు వచ్చాయి, గుమిగూడే స్వేచ్ఛ పోయింది. ఒకచోట పార్కు ప్రజల కోర్కె. మరొకచోట ప్రజల నోటికి అడ్డుపెట్టిన పూలగుత్తి. రెంటినీ కలిపి “పచ్చదనం పెరిగింది” అని లెక్క రాసుకునే చరిత్రకారుడు అసలు విషయాన్ని వదిలేసినవాడవుతాడు.

అయితే గీతలు గీసినవారిదే చివరి మాట కాలేదు. దరిమిలా విక్టోరియా పార్కు ఉపన్యాసాలకు పేరుమోసింది. విలియం మారిస్, మనకు హోంరూలు ఉద్యమం ద్వారా పరిచితురాలైన అనీబిసెంటు అక్కడ ప్రసంగించారు. ప్రణాళికను రచించేది అధికారులే కావచ్చు, దాన్ని తిరగరాసేది వాడుకునే జనం.

మన దేశంలో యీ చర్చకు ఆద్యుడని పాట్రిక్ గెడ్డిస్‌ను చెప్పవచ్చు. ఈయన స్కాట్లండుకు చెందిన జీవశాస్త్రజ్ఞుడు. ఎడిన్‌బరో పాతపట్నపు మురికివాడలో స్వయంగా కాపురముండి, అక్కడి ఖాళీ జాగాలలో చిన్నచిన్న తోటలు వేయించినవాడు. మద్రాసు గవర్నరు పెంట్లాండ్ ప్రభువు ఆహ్వానం మీద 1914లో ఇక్కడికి వచ్చాడు. మన సర్కారు జిల్లాలూ రాయలసీమా అప్పుడు ఆ రాజధానిలోనివే. ముందు పరిశీలన, తర్వాతే ప్రణాళిక అన్నది ఆయన సిద్ధాంతం. వైద్యుడు నాడి చూడకుండా మందివ్వనట్లే, వీధులు కాలినడకన తిరగకుండా పటం గీయరాదన్నాడు.

ఇండోరు అనుభవం యీ పద్ధతిలోని బలాన్నీ, పరిమితినీ ఒక్కసారే బయటపెడుతుంది. ప్లేగు పీడిస్తున్న ఆ వూళ్లో ఈయన తిరుగుతుంటే జనం అనుమానంగా చూశారు. అప్పుడాయన మహారాజు నడిగి ఒక్కరోజు తాను మహారాజయ్యాడు. దీపావళి వూరేగింపు ఏ వీధి బాగా శుభ్రపడితే ఆ వీధినే వస్తుందని చాటించాడు. వూరు వూరంతా ఇళ్లు బాగుచేసుకున్నది. జనాన్ని కదిలించడానికి ఇంతకన్న సొగసైన ఉపాయం వుండదు. కాని ఆ ఉపాయానికి అరువు తెచ్చుకోవలసి వచ్చింది రాజు కిరీటాన్నే! 1918లో ఇండోరు దర్బారుకు ఆయన సమర్పించిన నివేదిక రెండు సంపుటాలు. జనంతో సంభాషణ వీధిలో జరిగినా, నిర్ణయం దర్బారులోనే జరిగింది.

1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. ముసాయిదా ప్రకటించడం, ఆక్షేపణలు పిలవడం అన్న పద్ధతి అప్పటినుంచి మనకు అలవాటే. గెడ్డిస్ చెప్పిన వరస ఇక్కడ తలకిందులైంది. ముందు గీత, తర్వాత మాట. పైగా ఆక్షేపణ చెప్పాలంటే పటం చదవడం రావాలి, ప్రకటనలోని భాష తెలియాలి, గడువులోగా ఆఫీసుకు పోవడానికి ఒకపూట కూలి వదులుకోవాలి.

చదువూ తీరికా వున్నవారు గట్టిగా నిలబడితే ఫలితం దక్కుతుందనడానికి బెంగళూరు నిదర్శనం. రాజమహల్ విలాస్ ప్రాంతంలో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ముఖ్యమంత్రి ఆదేశంపై ఒక ప్రైవేటు నర్సింగుహోముకు ఇస్తే, అక్కడి నివాసులు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు వారి పక్షమే వహించి, బహిరంగ స్థలాలు ప్రజలందరి ఆస్తి అన్న సూత్రాన్ని నిలబెట్టింది. మెచ్చదగిన తీర్పు. కాని అది ఖరీదైన పేట. కోర్టు ఖర్చు భరించలేని బస్తీలో పార్కు స్థలం పోతే ఎవరు అడుగుతారు?

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పార్కులు, తోటలు, ఆటస్థలాలను పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనులలో చేర్చింది. మూడు లక్షల జనాభా దాటిన పట్టణాలలో వార్డు కమిటీలుండాలన్నది. ప్రజల మాటకు రాజ్యాంగం ఒక గడప చూపించింది. ఆ గడప దాటేదెవరు?

హైదరాబాదు అనుభవం ఇక్కడ గమనించదగింది. 2017లో ఇందిరాపార్కు పక్కనున్న ధర్నాచౌకులో ధర్నాలు నిలిపివేసినప్పుడు, చుట్టుపక్కల వాసుల ఇబ్బందిని కూడా ఒక కారణంగా చూపారు. 2018లో హైకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. ఇబ్బంది అబద్ధమని నేననను. మైకుల మోత భరించేవారి కష్టం నిజమే. కాని జీతం కోసం దూరపు జిల్లా నుంచి వచ్చి అక్కడ కూర్చున్న అంగన్‌వాడీ కార్యకర్త కూడా ప్రజలే. “స్థానికుల అభిప్రాయం” అన్న మాటలో ఆమెకు చోటు లేకపోతే, కెన్నింగ్టన్ కంచె మళ్లీ లేచినట్టే.

“ప్రజలను అడిగాం” అని చెప్పేవారిని మనం మూడు ప్రశ్నలు అడగాలి. ఏ ప్రజలను అడిగారు? గీత గీయకముందా, గీసిన తర్వాతా? వారి జవాబు వల్ల ఆ గీత ఎంత జరిగింది? పొద్దున నడకకు వచ్చేవారిని అడిగితే బాట కావాలంటారు. పగలు కొట్లో నిలబడి పనిచేసే ఆడమనిషిని అడిగితే కూర్చునే బల్ల, దీపం, మరుగుదొడ్డి అంటుంది. బస్తీ పిల్లవాణ్ణి అడిగితే కంచె లేని మైదానం అంటాడు. ఇవన్నీ ఒకే పటంలో ఇమడకపోవచ్చు. అప్పుడు వాదులాట తప్పదు. ఆ వాదులాట ఆఫీసు గదిలో కాక బస్తీలో, పనివాళ్లు ఇంటికి చేరిన సాయంకాలం, వారి భాషలో జరగాలి. అంతవరకు నగరాలలో ఎన్ని చెట్లు నాటినా అవి రాజుగారి తోటలోని చెట్లే.