250 వాట్ల గీత

ఢిల్లీలోని ద్వారక సెక్టార్ల మధ్య దూరాలు నడవడానికి ఎక్కువ, ఆటో కట్టించుకోవడానికి తక్కువ. 2005 చివర్లో మెట్రో వచ్చాక కూడా స్టేషన్లో దిగి ఇంటికి చేరడమెలాగన్నదే మా కాలనీల తంటా. 2010 ప్రాంతంలో ఢిల్లీ రోడ్లమీదికి వచ్చిన బ్యాటరీ రిక్షాలు ఆ తంటా తీర్చాయి. చిన్న తయారీదార్లకు పరీక్షల కాగితాలు సిద్ధం చేసిపెట్టడం నా వృత్తి. కాబట్టి ఆ బండి కథ నాకు దాని ఫైళ్లలోంచే ఎక్కువ తెలుసు.

తొలినాళ్ల బండిని దగ్గర్నుంచి చూడాలి. ఇనుప పైపులు కోసి, వంచి, వెల్డింగ్ చేసిన చట్రం. చైనా నుంచి విడిభాగాలుగా దిగిన మోటారు, కంట్రోలరు. ప్రయాణికుల సీటెత్తితే నాలుగు లెడ్ యాసిడ్ బ్యాటరీలు, ఒక్కొక్కటి 12 వోల్టులు, వరసగా కలిపితే 48. రాత్రంతా ఛార్జింగ్ పెడితే పగలంతా నడుస్తుంది. కప్పుకి రేకు, పక్కలకి ఏమీ లేదు. మలుపులో బండి ఒరిగితే లోపలున్నవాళ్లు కడ్డీ పట్టుకోవలసిందే. ఓ షెడ్డూ, ఓ వెల్డరూ ఉంటే చాలు, ఎవరైనా తయారీదారే.

ఇంత ధైర్యం వాళ్లకెలా వచ్చింది? కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఒక గీత ఉంది. మోటారు శక్తి 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు ఉంటే ఆ బ్యాటరీ బండి మోటారు వాహనం కిందికే రాదు. ఆ బలం తేలికపాటి సైకిళ్లకూ స్కూటర్లకూ సరిపోతుంది. నలుగురైదుగురిని మోసే రిక్షాకి ఎక్కడ సరిపోతుంది? లోపల 650, 850 వాట్ల మోటార్లు పెట్టి, కాగితం మీద మాత్రం గీత కిందే ఉన్నామన్నారు. నంబరు ప్లేటు లేదు, లైసెన్సు లేదు, బీమా లేదు. గుద్దితే నష్టపరిహారం ఎవరిస్తారో తెలియదు. దీన్ని చిన్నవాడికి మేలుచేసిన సడలింపు అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. ఎవరూ దరఖాస్తు పెట్టలేదు, ఎవరూ పరిశీలించలేదు, గడువూ లేదు.

2014 జూన్ 17న రాంలీలా మైదానంలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ ఆ గీతని 650 వాట్లకు జరుపుతామని రిక్షావాళ్లకు మాటిచ్చారు. మరుసటి నెల త్రిలోక్‌పురిలో ఒక ఈ-రిక్షా గుద్దిన తాకిడికి తల్లి చేతుల్లోని పసివాడు పక్కనే మరుగుతున్న పాకం కడాయిలో పడి చనిపోయాడు. జులై 31న ఢిల్లీ హైకోర్టు ఈ-రిక్షాలను ఆపేసింది. వేలాది కుటుంబాల పొయ్యి ఆరింది. అయినా ఆ పసివాడి తర్వాత కోర్టు ఇంకేం చేయగలిగేది?

అసలు పని ఆ తర్వాత జరిగింది. అక్టోబర్ 8న కొత్త నిబంధనలొచ్చాయి: మోటారు 2000 వాట్లకు మించకూడదు, వేగం 25 కిలోమీటర్లు దాటకూడదు, నలుగురు ప్రయాణికులు, 40 కిలోల సామాను. 2015 జనవరిలో ఆర్డినెన్సు, మార్చిలో చట్ట సవరణ. డ్రైవరుకి మామూలు వాణిజ్య లైసెన్సుకి ముందుండే ఏడాది నిరీక్షణ తీసేసి, పదిరోజుల శిక్షణ పెట్టారు. భారం తగ్గించారు, బాధ్యత తగ్గించలేదు. రిక్షాని చట్టం లోపలికి తెచ్చాకే తయారీదారుకి పేరూ చిరునామా వచ్చాయి, బండికి బీమా వచ్చింది.

అసలైన సడలింపు ఎలా ఉంటుందో అమెరికాలో చూడొచ్చు. అక్కడ చిన్న తయారీదారుకి దారి ముందే వేసిపెట్టారు. ఏడాదికి పదివేల బండ్లకు మించి చేయని కంపెనీ, ఫలానా ప్రమాణం అందుకోవడం ఆర్థికంగా తనకు మించిన పని అని చూపిస్తే, మూడేళ్లదాకా తాత్కాలిక మినహాయింపు అడగొచ్చు. అర్జీ బహిరంగంగా ప్రకటిస్తారు, జనం అభ్యంతరాలు చెప్పొచ్చు. ఏ ప్రమాణం నుంచి మినహాయింపో బండి మీదే చీటీ అంటించాలి. టెస్లా తొలి రోడ్‌స్టర్‌కి 2008లో అధునాతన ఎయిర్‌బ్యాగుల విషయంలో ఇలాగే మూడేళ్లు ఇచ్చారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ చీటీ. కొనేవాడికి తెలియకుండా ఏదీ జరగదు.

మనదగ్గర దానికి దగ్గరగా వచ్చింది 2022లో. ఆ ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో ఛార్జింగ్‌లో ఉన్న స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. హైదరాబాద్‌లోని పరిశోధనా సంస్థ ఏఆర్‌సీఐకి అప్పటి డైరెక్టర్ టాటా నరసింగరావు అధ్యక్షతన నిపుణుల కమిటీ వేశారు. బ్యాటరీ ప్రమాణం ఏఐఎస్-156ని బిగించి, అక్టోబర్ 1 నుంచి అమలన్నారు. తయారీదార్లకు సమయం చాలదని తేలాక రెండు దశలు చేశారు: మొదటిది 2022 డిసెంబర్ 1, రెండోది 2023 మార్చి 31. ఏ దశలో ఏమేం పూర్తి కావాలో కాగితం మీద ఉంది.

మనేసర్‌లోని వాహన పరీక్షా కేంద్రం ఐక్యాట్‌కి ప్రోటోటైపు పంపబోయే షెడ్డువాళ్లు నన్నడిగినప్పుడు నేనిచ్చే సలహా ఇదే: రుసుములో రాయితీ అడగండి, సమయం చాలకపోతే ఆర్నెల్ల గడువు అడగండి. బ్రేకు పరీక్షనీ బ్యాటరీ పరీక్షనీ వదిలేయమని మాత్రం అర్జీలో రాయొద్దు. అలా రాయమంటే ఆ ఫైలు నేను ముట్టుకోను.