సుకుమార్ రే (1887–1923)

బెంగాలీ పిల్లలకు అక్షరాలు రాకముందే నోటికి వచ్చేసే పద్యాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ముందు సగం బాతు, వెనక సగం ముళ్లపంది అయిన జంతువు ఒకటి తిరుగుతుంటుంది. ఓ పెద్ద ఆఫీసులో హెడ్ బాబుగారు తన మీసం ఎవరో ఎత్తుకుపోయారని గోల గోల చేస్తుంటాడు. మీసం మాత్రం మూతి మీదే ఉంటుంది. ఈ పద్యాలు రాసి, వాటికి బొమ్మలు కూడా తానే వేసిన రచయిత సుకుమార్ రే. ఆయన ముప్ఫై ఆరో పుట్టినరోజు చూడకుండానే కన్నుమూశారు. సినిమా దర్శకుడు సత్యజిత్ రే ఆయన కొడుకే. బెంగాల్ బయట చాలామందికి సుకుమార్ ఇప్పటికీ సత్యజిత్ తండ్రిగానే తెలుసు. పిల్లల సాహిత్యంలో ఆయన చేసిన పనికి ఆ గుర్తింపు చాలదు.

సుకుమార్ 1887 అక్టోబరు 30న కలకత్తాలో పుట్టారు. తండ్రి ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి పిల్లల కోసం కథలు రాసేవారు, బొమ్మలు వేసేవారు, వయొలిన్ వాయించేవారు. తల్లి విధుముఖి. ఆమెకు సవతి తల్లి అయిన కాదంబినీ గంగూలీ మన దేశంలో పాశ్చాత్య వైద్యం చదివి డాక్టర్లయిన తొలి మహిళల్లో ఒకరు. రెండు కుటుంబాలూ కార్న్‌వాలిస్ వీధిలోని ఒకే పెద్ద ఇంట్లో ఉండేవి. ఆరుగురు అక్కచెల్లెళ్లు, అన్నదమ్ముల్లో సుకుమార్ రెండోవారు. అక్క సుఖలత, చెల్లెలు పుణ్యలత కూడా పెద్దయ్యాక పిల్లల రచయిత్రులయ్యారు.

ఆ ఇంటిని అర్థం చేసుకోవాలంటే అచ్చు గురించి కొంచెం తెలియాలి. ఉపేంద్రకిశోర్ పిల్లల రామాయణం రాసి, బొమ్మలు వేసి అచ్చుకు ఇచ్చారు. అప్పట్లో బొమ్మలను చెక్క మీద చెక్కి అచ్చేసేవారు. పుస్తకం చేతికి వచ్చేసరికి తాను వేసిన బొమ్మలు పాడైపోయి ఉన్నాయి. ఆయన ఊరుకోలేదు. ఇంగ్లండు నుంచి పరికరాలు తెప్పించుకుని హాఫ్‌టోన్ అనే కొత్త పద్ధతిని ఇంట్లోనే సాధన చేశారు. ఫొటోలో నలుపు నుంచి తెలుపు దాకా ఎన్నో ఛాయలుంటాయి. అచ్చుయంత్రానికి తెలిసినవి రెండే: సిరా పడటం, పడకపోవడం. అందుకని సన్నటి గళ్లున్న తెర గుండా ఫొటోను మళ్లీ ఫొటో తీసి, బొమ్మంతా చుక్కలుగా మారుస్తారు. చుక్కలు లావుగా ఉన్న చోటు కంటికి నల్లగానూ, సన్నగా ఉన్న చోటు బూడిద రంగులోనూ కనిపిస్తుంది. పాత వార్తాపత్రికలోని ఫొటోను భూతద్దం కింద పెట్టి చూడండి, ఆ చుక్కలు మీకూ కనిపిస్తాయి. ఈ పద్ధతిపై ఉపేంద్రకిశోర్ చేసిన పరిశోధనలను లండన్‌లోని పెన్రోజ్ వార్షిక సంచిక అచ్చువేసింది. ఆయన పెట్టిన ముద్రణ సంస్థ పేరు యు. రే అండ్ సన్స్.

సుకుమార్ ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతిక, రసాయన శాస్త్రాలు రెండింటిలోనూ ఆనర్స్‌తో 1906లో పట్టా తీసుకున్నారు. ఆ రోజుల్లోనే తోటివాళ్లను పోగేసి నాన్సెన్స్ క్లబ్ పెట్టారు. దానికి చేతిరాత పత్రిక ఒకటి నడిపారు, నాటకాలు రాసి ఇంట్లోవాళ్ల చేతా స్నేహితుల చేతా ఆడించారు. పొద్దున ప్రయోగశాలలో కొలతలు, సాయంత్రం వెర్రిమొర్రి నాటకాలు. ఈ రెండూ వేర్వేరు పనులని అనుకుంటాం గాని, సుకుమార్ విషయంలో అవి ఒకదానికొకటి బలమిచ్చాయనే చెప్పాలి.

1911లో ఉపకారవేతనం మీద ఇంగ్లండు వెళ్లి, లండన్‌లోనూ మాంచెస్టర్‌లోనూ ఫొటోగ్రఫీ, అచ్చుపని నేర్చుకున్నారు. మరుసటి ఏడాది రవీంద్రనాథ్ ఠాకూర్ లండన్ వచ్చారు. ఆయనకు ఇంకా నోబెల్ బహుమతి రాలేదు. రవీంద్రుని కవిత్వం గురించి ఇంగ్లిష్ శ్రోతల ముందు వ్యాసం చదివిన తొలి భారతీయుల్లో సుకుమార్ ఒకరు. 1913లో ఇంటికి తిరిగి వచ్చేసరికి తండ్రి 'సందేశ్' అనే పిల్లల మాసపత్రికను మొదలుపెట్టి ఉన్నారు. సుప్రభతో పెళ్లి కూడా ఆ సంవత్సరమే జరిగింది.

1915 డిసెంబరులో ఉపేంద్రకిశోర్ చనిపోయారు. అచ్చుకూటం, పత్రిక రెండూ సుకుమార్ మీద పడ్డాయి. మిగిలిన ఎనిమిదేళ్లలో ఆయన రాసినంత మరొకరు ఒక జీవితకాలంలో రాసినా గొప్పే. పద్యాలు, కథలు, నాటికలు, పొడుపుకథలు, బొమ్మలు, వీటిలో ఎక్కువ భాగం సందేశ్ కోసమే. గెలీలియో, డార్విన్, పాశ్చర్ వంటివారి జీవితాలు చెప్పారు, కొత్త యంత్రాలు ఎలా పనిచేస్తాయో వివరించారు. ఆ వ్యాసాల్లో పిల్లలను తక్కువ చేసి మాట్లాడినట్టు ఎక్కడా ఉండదు. ఇక బొమ్మల సంగతి: చిత్రలేఖనం ఆయన ఏ బడిలోనూ నేర్చుకోలేదు.

ఆయన తమాషా ఎలాంటిదో తెలియాలంటే 'హ-య-బ-ర-ల' కథ చదవాలి. ఎండ మండే వేళ ఓ పిల్లవాడు చెట్టు కింద పడుకుంటాడు. చెమట తుడుచుకుందామని చూస్తే చేతిరుమాలు పిల్లి అయిపోయి ఉంటుంది. పలక పట్టుకుని లెక్కలు వేసే కాకి ఒకటి ఎదురవుతుంది. ఏడు రెళ్లు ఎంత అంటే పిల్లవాడు పద్నాలుగు అంటాడు. కాకి ఒప్పుకోదు. ఆ మాట అన్నప్పటికి ఇంకా పద్నాలుగు కాలేదట! తర్వాత ఒక ముసలాయన వస్తాడు. వాళ్ల దగ్గర వయసు నలభైకి చేరగానే వెనక్కి తిప్పేస్తారట: ముప్ఫై తొమ్మిది, ముప్ఫై ఎనిమిది అంటూ దిగుతూ పోయి, పది దగ్గర మళ్లీ పైకి ఎక్కడం మొదలవుతుంది. జాగ్రత్తగా గమనించండి. కాకి గాని ముసలాయన గాని నోటికొచ్చింది వాగడం లేదు. తమ నియమం ఒకటి పెట్టుకుని, దాన్ని తూచా తప్పకుండా పాటిస్తున్నారు. నవ్వు పుట్టేది అక్కడే. బాతు-ముళ్లపంది బొమ్మ కూడా అంతే. బాతు ఎక్కడ ఆగి ముళ్లు ఎక్కడ మొదలవుతాయో ఆయన ఎంత పొందికగా కలిపారంటే, ఇలాంటిది ఏ చెరువు గట్టునో ఉండే ఉంటుందనిపిస్తుంది. సైన్సు విద్యార్థి చెయ్యి అది.

'అబాక్ జలపాన్' అనే నాటికను బెంగాల్ బడుల్లో పిల్లలు ఇప్పటికీ వేస్తుంటారు. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయిన బాటసారి ఒకడు కనిపించిన ప్రతివాడినీ నీళ్లడుగుతాడు. ఒకడు అడిగింది సరిగా వినకుండా వేరే మాటలోకి దిగుతాడు. మరొకాయన నీళ్లలో ఎన్ని రకాలున్నాయో ఏకరువు పెడతాడు. ఒక పండితుడు నీటి శాస్త్రం మీద ఉపన్యాసం మొదలుపెడతాడు. చివరికి బాటసారి తెలివి ఉపయోగించి, తాగే మంచినీళ్లు ఎలా ఉంటాయో చూపించమని అడిగి, గ్లాసు రాగానే గటగటా తాగేస్తాడు.

1921 మే 2న సత్యజిత్ పుట్టాడు. ఆ ఏడాదే సుకుమార్‌కు కాలా అజార్ సోకింది. శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ కుట్టడం వల్ల వచ్చే జ్వరం అది. ప్లీహం వాచి మనిషి రోజురోజుకీ నీరసించిపోతాడు. అదే కలకత్తాలో, అవే సంవత్సరాల్లో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి ఆ జబ్బుకు యూరియా స్టిబమైన్ అనే మందు కనిపెట్టారు. అది లక్షలమందిని కాపాడింది గాని సుకుమార్‌కు అందలేదు. రెండున్నరేళ్లు మంచం మీదే ఉంటూ ఆయన రాస్తూనే వచ్చారు. హిమాలయాల అవతల వింత జంతువులను చూసొచ్చానని చెప్పుకునే హేశోరామ్ హుషియార్ అనే ప్రొఫెసర్ డైరీ ఆ కాలంలోదే. ఎప్పుడూ మూతి ముడుచుకుని ఉండే జంతువుకు ఆ ప్రొఫెసర్ భారీ శాస్త్రీయ నామం పెడతాడు! తన పద్యాలను 'ఆబోల్ తాబోల్' పేరుతో పుస్తకంగా తీసుకురావాలని సుకుమార్ నిశ్చయించుకున్నారు. ఏ పేజీలో ఏ పద్యం, ఏ బొమ్మ రావాలో, అట్ట ఎలా ఉండాలో అన్నీ మంచం మీదనుంచే సిద్ధం చేశారు. రవీంద్రనాథ్ ఠాకూర్ వచ్చి పక్కన కూర్చుని, ఆయన అడిగిన పాటలు పాడి వినిపించారు.

1923 సెప్టెంబరు 10న సుకుమార్ చనిపోయారు. ఆబోల్ తాబోల్ తొమ్మిది రోజుల తర్వాత, 19న వెలువడింది. సొంత పద్యాల పుస్తకాన్ని అచ్చులో చూసుకునే భాగ్యం ఆయనకు దక్కలేదు. అప్పటికి సత్యజిత్‌కు రెండేళ్లు దాటాయంతే. మరికొన్నేళ్లకు అచ్చుకూటం చేతులు మారింది, సుప్రభ కొడుకును తీసుకుని పుట్టింటివారి దగ్గరికి చేరింది. సందేశ్ ఆగిపోయింది.

1961లో సత్యజిత్ రే, కవి సుభాష్ ముఖోపాధ్యాయ్‌తో కలిసి సందేశ్‌ను మళ్లీ మొదలుపెట్టారు. తండ్రి సృష్టించిన హేశోరామ్ ఛాయలున్న ప్రొఫెసర్ శొంకు అదే సంవత్సరం ఆ పత్రికలో అడుగుపెట్టాడు. నాలుగేళ్లకు డిటెక్టివ్ ఫెలూదా కూడా వచ్చాడు. తండ్రి పద్యాలు కొన్నింటిని సత్యజిత్ స్వయంగా ఇంగ్లిష్‌లోకి తెచ్చారు, శతజయంతి వేళ 1987లో ఆయన మీద ఒక డాక్యుమెంటరీ తీశారు. ఆబోల్ తాబోల్ నేటికీ అచ్చవుతూనే ఉంది, సుకుమార్ గీసిన బొమ్మలతోనే.