తిథి ఉన్న అతిథి

మా అక్కావాళ్ళు హ్యూస్టన్‌లో ఉంటారు. పోయిన శీతాకాలం పిల్లల సెలవులకి గాల్వెస్టన్ రేవులో ఓడెక్కి, వారం రోజులు కరీబియన్ తిరిగొచ్చారు. ఎక్కిన రోజు రాత్రే ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫొటో పెట్టింది అక్క. సముద్రం కాదు, సూర్యాస్తమయం కాదు, గదిలో ఇచ్చిన రూల్సు కాగితం. “చదువు. మన హాస్టల్ వార్డెన్ గుర్తొస్తుంది” అని కింద రాసింది.

నిజంగానే గుర్తొచ్చింది. గది కార్డు లేకుండా ఓడ దిగొద్దు. ఓడ టైమే టైము, ఫోన్‌లో టైము నమ్మొద్దు. నాలుగున్నరకల్లా తిరిగి ఎక్కకపోతే ఓడ ఆగదు. దీవిలో కొన్న రమ్ము సీసా ఎక్కేటప్పుడు ఇచ్చెయ్యాలి, ఆఖరి రాత్రి తిరిగిస్తారు. టిఫిన్ దగ్గర తీసుకున్న పళ్ళు ఒడ్డుకి పట్టుకెళ్ళకూడదు. మిలిటరీ మచ్చల బట్టలు వేసుకుని దీవిలో తిరగకూడదు. ఈత కొలను పక్క కుర్చీ మీద తువ్వాలు పరిచి మాయమైపోతే, 40 నిమిషాల తర్వాత సిబ్బంది ఆ తువ్వాలు తీసేస్తారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకునే జాతి మనది. ఈ ఆఖరి రూలు చదివి గ్రూపంతా నవ్వుకున్నాం.

తర్వాత ఆ కాగితం నన్ను వదల్లేదు. ఇందులో కొన్ని ఓడ మర్యాదలు, కొన్ని చట్టాలు, కొన్ని దీవుల పట్టింపులు. అన్నీ ఒకే అక్షరాల సైజులో, ఒకదాని కింద ఒకటి అచ్చయ్యాయి. కానీ ఒక్కో వాక్యం వెనకాల ఒక్కో శతాబ్దం ఉంది.

తేలికైన దానితో మొదలుపెడదాం. ఓడ కదిలేముందే ప్రయాణికులందరికీ ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో చెప్పి తీరాలి. 1912లో టైటానిక్ మునిగాక, 1914లో దేశాలు కూర్చుని సముద్ర భద్రతకి మొదటి ఒప్పందం రాసుకున్నాయి. అయినా ఈ మధ్యదాకా కసరత్తు 24 గంటల్లోపు ఎప్పుడైనా చేయించొచ్చు అనే వెసులుబాటు ఉండేది. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా రాయికి కొట్టుకుని ఒరిగిపోయింది. ఆ సాయంత్రమే ఎక్కిన వందలమందికి ఏ పడవ దగ్గరికి పరిగెత్తాలో ఎవరూ ఇంకా చెప్పలేదు. మొత్తం 32 మంది పోయారు. ఆ తర్వాత వెసులుబాటు తీసేశారు.

రెండోది, ఓడ అసలు పరాయి దేశపు రేవులో ఎందుకు ఆగుతుంది? చూపించడానికే అనుకుంటాం. దాని వెనక 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఉన్న ఓడ, ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్న వాళ్ళని మధ్యలో వేరే దేశం తాకకుండా అమెరికా రేవుల మధ్యే తిప్పి దింపడం కుదరదు. తమ దేశపు ఓడల యజమానుల్ని కాపాడుకోవడానికి చేసుకున్న చట్టమది. ఇవాళ పెద్ద విహార ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి దేశాల జెండాలతో తిరుగుతాయి. కాబట్టి గాల్వెస్టన్‌లో బయల్దేరి గాల్వెస్టన్‌కే తిరిగొచ్చే ఓడ కూడా మధ్యలో ఒక్కసారైనా పరాయి నేల తాకాలి. అందాల కోసం ఎంతో, ఈ చట్టం కోసమూ కొంత, దీవి ఆ దారిలో పడింది.

అసలు ఈ దారి పడింది మాత్రం అరటిపళ్ళ కోసం. 1870లో లోరెంజో డౌ బేకర్ అనే మసాచుసెట్స్ నావికుడు జమైకా నుంచి అరటిగెలలు ఎక్కించుకుని న్యూజెర్సీ చేర్చి లాభం చూశాడు. ఆ వ్యాపారమే పెరిగి, మరికొన్నిటితో కలిసి, 1899లో యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ అయింది. ఎండ వేడికి పళ్ళు మగ్గిపోకుండా ఓడలకి తెల్లరంగు వేశారు. అదే ఓడల్లో పైన గదులు కట్టి, చలికాలం ఎండ కోసం వచ్చే అమెరికన్లని ఎక్కించుకున్నారు. కింద పళ్ళు, పైన మనుషులు. జమైకా రేవుల్లో రాత్రంతా గెలలు నెత్తిన మోసి, తెల్లారాక లెక్క రాయించుకుని ఇంటికెళ్ళే కూలీలదే, 1956లో హారీ బెలఫాంటే పాడగా ప్రపంచమంతా విన్న ఆ అరటిపడవ పాట. దాన్నిప్పుడు సెలవుల హుషారు పాటగా వింటున్నాం. నిజానికది రాత్రి డ్యూటీ చేసి అలిసిపోయినవాళ్ళ పాట.

సరుకే లేకుండా, కేవలం విహారం కోసం మొదట కట్టిన ఓడ జర్మన్లది. ప్రిన్సెస్సిన్ విక్టోరియా లూయిజె. హాంబర్గ్-అమెరికా లైన్ కోసం ఆల్బర్ట్ బాలిన్ కట్టించాడు, 1900లో నీళ్ళలోకి దిగింది. అందులో అన్నీ ఫస్ట్ క్లాసు గదులే. 1906 డిసెంబరులో జమైకా దగ్గర పోర్ట్ రాయల్ రాళ్ళమీదికి ఎక్కింది. ప్రయాణికులంతా బతికారు. కెప్టెన్ తన గదిలోకి వెళ్ళి తుపాకీతో కాల్చుకున్నాడు.

ఆ తర్వాత జెట్ విమానాలొచ్చి సముద్ర ప్రయాణాన్ని చంపేశాయి. ఎక్కడికో చేర్చడానికి ఓడ అక్కర్లేకపోయింది. అప్పుడు ఓడనే ఊరుగా మార్చారు. 1966 డిసెంబరులో సన్‌వార్డ్ అనే ఓడ మయామీ నుంచి బహామాస్‌కి వెళ్ళడంతో ఇవాళ్టి పద్ధతి మొదలైందని చెప్తారు. ఓడే ఊరైతే దీవి ఏమవుతుంది? ఆ ఊరికి పెరడు అవుతుంది. 1977లో ఆ సన్‌వార్డ్ కంపెనీయే బహామాస్‌లో గ్రేట్ స్టిరప్ కే అనే బుల్లి దీవిని కొనేసింది. 1980ల మధ్యలో రాయల్ కరీబియన్ కంపెనీ హైతీ ఉత్తర తీరాన ఒక ద్వీపకల్పాన్ని లీజుకి తీసుకుని, ఫ్రెంచి పేరు స్పెల్లింగుని ఇంగ్లీషు నోటికి వీలుగా మార్చి లబాదీ అని పెట్టుకుంది. చుట్టూ కంచె, కాపలా. ప్రయాణికులు కంచె దాటకూడదు.

2010 జనవరి 12న హైతీ రాజధాని పోర్టోప్రిన్స్ భూకంపంలో కూలిపోయింది. లక్షమందికి పైగా చనిపోయారు. మూడో రోజున లబాదీలో ఓడ ఆగింది. సహాయ సామాగ్రీ దించింది, ఈతకొట్టేవాళ్ళనీ దించింది. ఓడలోనే కొందరు దిగలేమన్నారు. కంపెనీ మాట వేరే: మేం రాకపోతే ఇక్కడ పనిచేసేవాళ్ళకి ఆ రోజు కూలీ కూడా ఉండదు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. శవాలు లేస్తున్న దేశంలో కంచె ఇవతల కూర్చుని బార్బెక్యూ తినొచ్చా అన్న ప్రశ్నకి ఏ రూల్సు కాగితంలోనూ వాక్యం ఉండదు.

అక్కావాళ్ళ ఓడ ఆగింది జమైకాలోని ఫాల్మత్‌లో. 1769లో పుట్టిన రేవు పట్నం. చుట్టుపక్కల చెరకుతోటల పంచదారా రమ్మూ ఇక్కణ్ణుంచే వెళ్ళేవి, తోటల్లో పనికి ఆఫ్రికా బానిసలు ఇక్కడే దిగేవారు. 1831 క్రిస్మస్ తర్వాత శామ్యూల్ షార్ప్ నడిపిన బానిసల తిరుగుబాటు ఈ వాయవ్య జమైకాలోనే రగిలింది. మరుసటేడు అతన్ని మాంటెగో బేలో ఉరితీశారు. 1838 జూలై 31 అర్ధరాత్రి, బానిసత్వం పూర్తిగా పోయే గడియకి, ఫాల్మత్‌లో పాదిరీ విలియం నిబ్ చర్చి దగ్గర జనం చేరారు. ఒక శవపేటికలో గొలుసు, ఇనప మెడపట్టీ పెట్టి పాతిపెట్టారు.

2011లో అదే ఊళ్ళో, జమైకా పోర్ట్ అథారిటీ, రాయల్ కరీబియన్ కలిసి కట్టిన కొత్త రేవు తెరుచుకుంది. ఒక్కో ఓడలో ఐదువేలమందికి పైగా వచ్చి దిగుతారు. రేవులో దుకాణాలున్నాయి, దుకాణాల తర్వాత గేటుంది, గేటు తర్వాత ఊరుంది. చాలామంది గేటు ఇవతలే బస్సెక్కి, ఓడలోనే బుక్ చేసుకున్న జలపాతానికి పోయి, తిరిగి గేటు ఇవతలే దిగుతారు. ఆ శవపేటిక పాతిన చోటు నడిచి వెళ్ళేంత దూరం.

బస్సెక్కడానికి కారణం బద్ధకం ఒక్కటే కాదు, భయం కూడా. ఓడవాళ్ళ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. ఊళ్ళో టాక్సీ మాట్లాడుకుని వెళ్తే ఆగదు, మన ఖర్చుతో మనం తర్వాతి రేవు చేరుకోవాలి. టైము రూలు అందరికీ ఒకటే, పూచీ మాత్రం ఒక్క బస్సుకే. స్థానిక టాక్సీ అతని కన్నా కంపెనీ బస్సు ఖరీదెక్కువైనా జనం అటే మొగ్గుతారు. ఓడలో అమ్మిన ప్రతి టికెట్టులో కంపెనీకి వాటా ఉంటుంది. గేటు అవతల బేరం కోసం నిలబడ్డవాళ్ళకి మిగిలేది ధైర్యం చేసి నడిచొచ్చే కొద్దిమంది.

ఇందులో మన కథ కూడా ఒకటుంది. బానిసలు విడుదలయ్యాక తోటల యజమానులు కూలీల కోసం ఇండియా వైపు చూశారు. బ్రిటిష్ గయానాకి 1838లోనే రెండు ఓడలొచ్చాయి. జమైకాకి 1845 మే నెలలో బ్లండెల్ అనే ఓడ వచ్చింది. 1917లో ఆగేలోపు జమైకా ఒక్కదానికే సుమారు 36,000 మంది వెళ్ళారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి ఎక్కిన భోజ్‌పురీ, అవధీ జనం. మద్రాసు రేవులో ఎక్కి కరీబియన్ చేరినవాళ్ళలో తమిళులతోపాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ అందరూ కలిపి “మద్రాసీలు” అయ్యారు. గయానాలో ఆ పేరు ఇవాళ్టికీ వినపడుతుంది.

ఆ ఓడల్లోనూ రూల్సు కాగితాలుండేవి. తిండి కొలత, డాక్టరు పరీక్ష, డెక్ మీదికి ఎప్పుడు రావాలి, ఎప్పుడు దిగాలి. ఎక్కేముందు పేరు, తండ్రి పేరు, కులం, ఊరు రిజిస్టరులో రాసి, నంబరు కొట్టిన తగరపు బిళ్ళ ఇచ్చేవారు. దిగాక ఐదేళ్ళ ఒప్పందం. చాలా కాలనీల్లో చీటీ లేకుండా తోట దాటితే జరిమానానో జైలో. అక్క మెడలో వేలాడే ప్లాస్టిక్ కార్డునీ ఆ తగరపు బిళ్ళనీ ఒకటే అనడం అన్యాయం. ఒకటి డబ్బు కట్టి తగిలించుకున్నది, ఇంకోటి బతుకు తెరువు లేక తగిలించుకున్నది. కానీ ఈ తీరంలో ఎవరు, ఎంతసేపు, ఏ హద్దులోపల తిరగొచ్చు అన్నది ఓడ యజమానులే రాయడం, దీవి జనం చదువుకోవడం మాత్రం పాత అలవాటే.

జమైకా కిన్‌కెయిడ్ 1988లో తన ఆంటిగ్వా గురించి “ఎ స్మాల్ ప్లేస్” రాసినప్పుడు, విమానం దిగే టూరిస్టుని “నువ్వు” అని నేరుగా నిలబెట్టి అడిగింది కోపంగా. సెయింట్ లూసియా కవి డెరెక్ వాల్కాట్ 1992 నోబెల్ ప్రసంగం మొదలుపెట్టింది ట్రినిడాడ్‌లోని ఫెలిసిటీ అనే పల్లెలో రామలీలతో. చెరకుకూలీల మనవలు వేస్తున్నదాన్ని తను మొదట నాటకమనుకున్నాననీ, వాళ్ళకది నమ్మకమని తర్వాత తెలిసిందనీ ఒప్పుకున్నాడు. ఆ దీవుల మనిషే చూపు దిద్దుకోవాల్సి వచ్చింది. మధ్యాహ్నం దిగి సాయంత్రం ఎక్కేవాళ్ళ సంగతి చెప్పాలా?

కాగితంలో దీవులు తాముగా రాసుకున్న వాక్యం ఒక్కటే కనిపించింది నాకు, మిలిటరీ మచ్చల బట్టలది. జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్ లాంటి చోట్ల అవి సైన్యానికి తప్ప ఇంకెవరికీ కుదరవు, చట్టమే ఉంది. అక్కడి అసలు మర్యాద మాత్రం కాగితం ఎక్కలేదు. అది అక్కకి గేటు అవతల తెలిసింది.

బావ వద్దంటున్నా పెద్దదాన్ని తీసుకుని ఊళ్ళోకి నడిచిందట. రోడ్డు పక్క చెక్కబొమ్మలు అమ్ముతున్న ఒక పెద్దావిడ దగ్గర ఆగి, బొమ్మ చేతిలోకి తీసుకుని “హౌ మచ్?” అంది. ఆవిడ “గుడ్ మార్నింగ్” అంది. వినపడలేదేమో అనుకుని అక్క మళ్ళీ ధర అడిగింది. ఆవిడ మళ్ళీ “గుడ్ మార్నింగ్” అని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. పెద్దది అమ్మ మోచేతిని గిల్లింది. అప్పుడు తట్టింది. “గుడ్ మార్నింగ్” అన్నాక ఆవిడ నవ్వి, ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎండగా ఉందా అని కుశలం అడిగి, అప్పుడు ధర చెప్పింది.

“రైతుబజార్లో ‘కిలో ఎంతమ్మా’ అనే కదా మొదలుపెడతాం, నాకు తప్పనిపించలేదు” అంది అక్క ఫోన్లో. మన దగ్గర అది తప్పు కాదు కూడా. కానీ ఆ దీవుల్లో పలకరింపు ముందు, బేరం తర్వాత. మనిషిని కూడా వెలకట్టి అమ్మిన రేవులో, ముందు నన్ను మనిషిగా చూడు అని అడగడం నాకైతే చాలా సబబుగా తోచింది.

తిథి చెప్పకుండా వచ్చేవాడు కాబట్టి అతిథి అని చిన్నప్పుడు చదువుకున్నాం. ఓడ అతిథికి తిథి ఉంటుంది, గంట ఉంటుంది, నిమిషం ఉంటుంది. అతను వచ్చేదీ పోయేదీ ఇంటివాళ్ళు కాక ఇంకెవరో నిర్ణయిస్తారు. ఆ టైమ్‌టేబుల్‌ని మార్చడం అక్క చేతిలో లేదు. గేటు దాటడం, ముందు పలకరించడం ఆమె చేతిలో ఉన్నాయి. సగం చేసింది.

“వచ్చేటప్పుడు ఆవిడకి వెళ్ళొస్తాం అని చెప్దామంటే ఇంగ్లీషులో ఆ మాట లేదు” అంది. కాసేపాగి, “పేరు కూడా అడగలేదురా. నాలుగున్నర గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చేశాం” అంది.