నాపరాయి చెప్పిన సంగతులు

రాయలసీమలో పాత మిద్దె ఇంట్లో అడుగుపెడితే కాలికి చల్లగా తగిలేది నాపబండ. గట్టు మీద, గడప ముందు, పశువుల కొట్టంలో కూడా అదే. ఊళ్లో ఎవరూ దాన్ని ప్రత్యేకంగా చూడరు.

చూసినవాడు విలియం కింగ్. భూవిజ్ఞాన సర్వే ఉద్యోగిగా కడప, కర్నూలు రాళ్లపై ఆయన రాసిన గ్రంథం 1872లో వెలువడింది. నాపరాయి ఒక రకం సున్నపురాయి; ఇక్కడి ఒక సున్నపురాతి పొరకు కడప జిల్లా పల్లె నార్జి పేరే ఉంది. ఒక పల్లెటూరి పేరు శాస్త్ర గ్రంథాల్లో స్థిరపడిపోవడం ముచ్చటే మరి!

ఈ రాయి ఒకప్పుడు సముద్రపు అడుగున పేరుకున్న సున్నపు బురద. పొర మీద పొరగా పేరుకుంది కాబట్టే ఉలి మొన ఆనించి కొడితే పలకలుగా విచ్చుకుంటుంది. బేతంచర్ల క్వారీల పని అంతా ఈ గుణం మీదే నడుస్తోంది.

సున్నపురాయికి నీటితో మాత్రం పొసగదు. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని బలహీనమైన ఆమ్లంగా మారి, పగుళ్లలోకి దిగి రాతిని కరిగిస్తుంది. బేతంచర్ల దగ్గరి బిళ్ళసర్గం గుహలు అలా ఏర్పడినవే. 1884లో భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆ తర్వాత ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వితే ప్రాచీన జంతువుల ఎముకలు బయటపడ్డాయి. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలదీ అదే కథ. 1982-83లో డేనియల్ గెబవర్ నాయకత్వంలోని జర్మన్ బృందం వాటిని సవివరంగా కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 1988 దాకా ఆ గుహల్లో చెత్త పోసేవారు.