సున్నాలు కొట్టేస్తే కనిపించే క్రమం

పదార్థాల దశలను వర్గీకరించడానికి 1937లో సోవియట్ శాస్త్రవేత్త లెవ్ లాండావ్ ఒక గీటురాయి ఇచ్చారు. ఏ దశలో ఏ సౌష్ఠవం చెదిరిందో చూడాలి. ఇనుము అయస్కాంతంగా మారినప్పుడు అందులోని స్పిన్‌లు, అంటే సూక్ష్మ అయస్కాంతాల్లాంటివి, ఒకే దిక్కుకు తిరుగుతాయి. ఏ మూల కొలిచినా ఆ మొగ్గు తెలిసిపోతుంది. చాలాకాలం ఈ పద్ధతికి తిరుగులేకపోయింది.

1983లో డంకన్ హాల్డేన్ స్పిన్ విలువ 1గా ఉన్న అయస్కాంత గొలుసుల గురించి చెప్పిన సిద్ధాంతం తోటి శాస్త్రవేత్తలకు ఒక పట్టాన మింగుడుపడలేదు. ఆ గొలుసులో ఏ ఒక్క స్పిన్‌ను పట్టి చూసినా క్రమం ఆనవాలే ఉండదు. లోపల దాగిన క్రమాన్ని పట్టుకునే దారిని 1989లో డెన్ నైస్, రోమెల్స్ చూపించారు. గొలుసు పొడవునా స్పిన్‌లను కొలిచి ప్లస్, మైనస్, సున్నా అని వరుసగా రాసుకోవాలి. తర్వాత సున్నాలన్నీ కొట్టేయాలి. మిగిలిన గుర్తులు ప్లస్, మైనస్, మళ్లీ ప్లస్, మళ్లీ మైనస్‌గా నడుస్తాయి. ఆదర్శ నమూనాలో ఈ వరుస ఒక్కచోటా తప్పదు. ఇంత తేలిక కిటుకు వెనక ఇంత లోతైన భౌతికశాస్త్రం ఉండటం అరుదు. హాల్డేన్‌కు 2016లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

అయితే గొలుసు పెరిగేకొద్దీ మామూలు కంప్యూటర్‌లో దాని లెక్క చేయి దాటిపోతుంది. రెండేసి స్థితులుండే కణాలు 50 ఉంటే, వాటి ఉమ్మడి స్థితిని పూర్తిగా రాయడానికి 2ను 50 సార్లు హెచ్చవేసినన్ని సంఖ్యలు, అంటే వెయ్యి లక్షల కోట్లకు పైగా కావాలి. ప్రకృతి క్వాంటమ్ నియమాలతో నడుస్తున్నప్పుడు దాన్ని అనుకరించే యంత్రమూ అలాగే నడవాలని రిచర్డ్ ఫైన్‌మన్ 1981లోనే వాదించారు.

2019లో ఐరిస్ కాంగ్, సూన్‌వాన్ చోయ్, మిఖాయిల్ లూకిన్ ఆ ఆలోచనను దశల గుర్తింపు వైపు మళ్లించారు. ఫొటోల్లో ముఖాలను పోల్చే న్యూరల్ నెట్‌వర్క్‌ల పద్ధతినే క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారాన్ని మోసే క్యూబిట్లకు మలిచారు. అంచెకు కొన్ని క్యూబిట్లను కొలిచి పక్కనపెడతారు. ఆ ఫలితాలను బట్టి మిగతావాటిని సరిదిద్దుతారు. చివరికి మిగిలిన క్యూబిట్టే దశ ఏదో చెబుతుంది. 2022లో జూరిచ్‌లోని ఈటీహెచ్ బృందం 7 క్యూబిట్లపై దీన్ని నడిపించింది. క్యూబిట్లను నడిపే గేట్లలో దోషాలున్నా, ప్లస్, మైనస్ గుర్తుల వరుసను నేరుగా కొలవడం కంటే ఈ పద్ధతే దశను మెరుగ్గా గుర్తుపట్టింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. జూరిచ్‌లో పరీక్షకు పెట్టిన స్థితిని ఆ చిప్ మీదే తయారు చేశారు, స్ఫటికం నుంచి తెచ్చింది కాదు. పైగా 7 క్యూబిట్ల లెక్క ఏ లాప్‌టాప్ అయినా చేస్తుంది. పెద్ద క్వాంటమ్ యంత్రాలకూ మామూలు కంప్యూటర్లతో పోటీ తప్పలేదు. 2023 జూన్‌లో ఐబీఎం 127 క్యూబిట్లతో ఒక అయస్కాంత నమూనాను అనుకరించి, మామూలు పద్ధతులకు ఇది కష్టమని చాటింది. వారాలు తిరక్కముందే మామూలు కంప్యూటర్లతోనే ఆ ఫలితాలను ఇంకా కచ్చితంగా రాబట్టినవారు బయల్దేరారు.