నేలమాళిగ, తహఖానా, సెల్లారు

ఇంటి అడుగున ఉండే గదిని మన భాషలో నేలమాళిగ అంటాము. భూగృహమన్నది పుస్తకాల మాట. ధాన్యం దాచుకొనే గోతికి పాతర అని పేరున్నది గానీ అందులో మనిషి మసలడు. మా పాతబస్తీలో ఈ మూడూ వినబడవు. ఇక్కడివారికి అది తహఖానా. ఫారసీలో 'తహ్' అంటే అడుగు, 'ఖానా' అంటే ఇల్లు.

ఇక 'బేస్‌మెంటు' అన్న మాట సంగతి వినోదకరమైనది. మన మేస్త్రీల పరిభాషలో బేస్‌మెంటు అంటే పునాదికి పైన, గచ్చు మట్టానికి దిగువన లేచే కట్టడం. తెలంగాణ ప్రభుత్వం ఇందిరమ్మ ఇళ్ళకు బేస్‌మెంటు పూర్తికాగానే ఇచ్చే మొదటి లక్ష రూపాయలు ఈ అర్థంలోనివే. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు "బేస్‌మెంటు ఫినిష్ చేసుకుంటున్నాము" అన్నప్పుడు అది భూమిలోకి దిగుతుంది. ఒకే మాట, సముద్రం దాటేసరికి తలకిందులైంది.

వారి దేశంలో ఆ గది పుట్టుకకు కారణం చలి. శీతకాలంలో నేల కొంత లోతువరకు గడ్డకట్టి ఉబ్బుతుంది. పునాది ఆ లోతుకన్నా కిందికి దిగకపోతే ఇల్లు కదులుతుంది. ఎటూ అంత తవ్వాలి గనుక ఇంకొంచెం తవ్వి గది చేశారు. బొగ్గు, కొలిమి అక్కడ పెట్టుకొన్నారు. బొగ్గు పోయి నూనె, గ్యాసు వచ్చిన తరువాత ఆ చోటు ఖాళీ అయింది. యజమాని తానే సుత్తి పట్టి దానిని గదిగా మార్చుకొనే అలవాటు రెండవ ప్రపంచ యుద్ధానంతరం బాగా ప్రబలింది. 1910లలో అమ్మకానికి వచ్చిన జిప్సం పలకలు, 1917లో పేటెంటు పొందిన చేతి డ్రిల్లు ఆ ముచ్చటకు దారి వేశాయి.

మనకు కారణం ఎండ. పై గాలి మే నెలలో నలభై డిగ్రీలు దాటినా కొన్ని అడుగుల లోతున మట్టి ఏడాది సగటు వేడిమికి దగ్గరగానే నిలుస్తుంది. ఢిల్లీ ఎర్రకోటలో మొగలు పాదుషాలు తహఖానాలు కట్టించుకొన్నది ఈ చల్లదనం కోసమే. 1591లో పుట్టిన మన నగరంలోనూ కలిగినవారి హవేలీలకు ఇవి ఏర్పడ్డాయి. కానీ చల్లదనం ఉన్నచోట చెమ్మ ఉంటుంది. మొఘల్‌పురా పరిసరాల పేర్లే చూడండి: హరిబౌలి, దూద్‌బౌలి. బౌలి అంటే మెట్లబావి. మెట్లు దిగితే నీరు అందిన నేల ఇది. కనుక ఇక్కడ తహఖానా కట్టిన పూర్వులకు నీటితో కాపురం చేయక తప్పలేదు. వారు ఆ నీటితో పోట్లాడలేదు, దానికి దారి ఇచ్చారు. ఈ వ్యాసమంతటికీ ప్రాణం ఈ ఒక్క విషయంలోనే ఉన్నది.

ఆ దారి పేరు సున్నం. ఇది 'చూర్ణ' శబ్దభవమని వేరే చెప్పనక్కరలేదు. 'గచ్చు' మాత్రం ఫారసీ 'గచ్' నుండి వచ్చి మన నట్టింట పరచుకొన్నది. సున్నపురాయిని సుమారు తొమ్మిదివందల డిగ్రీల వేడిమిలో కాలిస్తే బొగ్గుపులుసు గాలి వెళ్ళిపోతుంది. నీళ్ళు చల్లితే కుతకుత ఉడికి పొడి అవుతుంది. గోడకు పూసిన తరువాత, పోగొట్టుకొన్న ఆ గాలినే వాతావరణం నుండి మెల్లగా తిరిగి తీసుకొని మళ్ళీ రాయి అవుతుంది. రాయిగా పుట్టి రాయిగా ముగిసే ఈ ప్రయాణానికి నెలలు, ఒక్కొక్కప్పుడు ఏళ్ళు పడతాయి. గానుగలో ఎద్దులు తిప్పగా నలిగిన డంగు సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం, మారేడు గుజ్జు, గుడ్డుసొన కలిపేవారు. ఇలా తయారైన పూతలో కంటికి కనబడని రంధ్రాలుంటాయి; నేలలోనుండి గోడకెక్కిన చెమ్మ వాటి గుండా ఆవిరైపోతుంది.

తరువాత సిమెంటు వచ్చింది. 1824లో ఇంగ్లండులో పేటెంటు పొందిన ఆ పొడి, 1920లలో నిజాం రాజ్యంలోని షాబాద్‌లోనే తయారు కాసాగింది. త్వరగా గట్టిపడుతుంది, చవక, గానుగ అక్కరలేదు. అటు తరువాత పాత గోడలకు సిమెంటు పూయడం బాగుచేయడానికి పర్యాయపదమైంది. లోపలి చెమ్మ బయటికి రాలేక గోడలోనే పైకి ఎగబాకింది. మోసుకొచ్చిన లవణాలు పూత వెనుక పేరుకొని ఇటుకను తినివేశాయి. కుతుబ్‌షాహీ సమాధుల వద్ద 2013 నుండి జరిగిన పునరుద్ధరణలో పెద్ద పని ఏమిటనుకున్నారు? గడిచిన శతాబ్దపు సిమెంటు పూతలను ఊడదీసి మళ్ళీ సున్నం పూయడమే.

నా స్వానుభవం కొంత చెప్పాలి. మొఘల్‌పురాలో మేముండే ఇంటికి తొమ్మిది మెట్లు దిగే చిన్న తహఖానా ఉన్నది. గోడలకు ఎవరో ఎప్పుడో సిమెంటు పూయించారు, గాలి జాలీలను ఇటుకలతో మూయించారు. ఉద్యోగ విరమణానంతరం దానిని నా చేతులతో బాగుచేసుకొందామని సంకల్పించాను. అంతవరకు నా చేయి సుద్దముక్కనే గాని తాపీని ఎరుగదు. మా వీధిలోని ఒక వృద్ధ మేస్త్రీ మొదటిరోజు వచ్చి గోడ తట్టి చూసి, "మాస్టర్‌సాబ్, గోడకు చెమట పోస్తున్నది. దానికి రెయిన్‌కోటు తొడిగితే ఎట్లా?" అన్నాడు. నేను చదివిన పుస్తకాలన్నీ ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానాలు.

అతడు చెప్పిన క్రమం ఇది. ముందు జాలీలు తెరవాలి. గాలి ఆడకపోతే తక్కినదంతా వృథా. సిమెంటును చిన్న ఉలితో, ఇటుక పగలకుండా తీయాలి. తెల్లని ఉప్పును పొడి కుంచెతో దులపాలి, కడగరాదు. కడిగితే అది మళ్ళీ గోడలోకే పోతుంది. ఒక వేసవి పూర్తిగా ఆరనివ్వాలి. ఆ పైన గోడ తడిపి, సున్నం ఒక పాలు ఇసుక మూడు పాళ్ళుగా, అర అంగుళం మించకుండా పూత మీద పూత వేయాలి. ప్రతి పూతకు నడుమ రోజుల తరబడి ఆగాలి, తడిగోనె కప్పి ఉంచాలి. కంటికి అద్దాలు లేనిదే సున్నం ముట్టరాదన్నది అతని ఆజ్ఞ. నేలకు షాబాదు బండలు, సందులకు సున్నమే.

నాకు పధ్నాలుగు నెలలు పట్టింది. అమెరికాలోని మా అబ్బాయి తన బేస్‌మెంటును ఆరు వారాంతాలలో ముగించాడు. కర్రచట్రం, జిప్సం పలక, రంగు. "నాన్నగారూ, మీరు కూడా ఆ పలకలు తెప్పించుకోండి" అన్నాడు. కాగితం తొడిగిన పలక, వెనుక కర్ర, చుట్టూ చెమ్మ నేల! మన చెదలకు అంతకన్నా పెళ్ళిభోజనం ఉండదని చెప్పాను.

ఇక సెల్లారు. చుట్టూ పాత ఇళ్ళు కూలి అపార్టుమెంట్లు లేస్తున్నాయి. వాటి కింద తవ్వేది తహఖానా కాదు, బండ్లు నిలిపే కాంక్రీటు గొయ్యి. నీటికి దారి ఇచ్చే ఆలోచన అందులో లేదు. మోటారు పెట్టి తోడెయ్యడమే ఉపాయం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు పదిహేను వేలమందిని పొట్టన పెట్టుకొన్నాక నగరం పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నదికి కళ్ళెం పడ్డది. చెరువుల దారులను మాత్రం మనమే మూసుకొన్నాము. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ దక్షిణపు బస్తీలు మునిగినప్పుడు అవి చెరువు నీటి పాత తోవలోనే ఉన్నాయి. సెల్లారులో నీరు చేరి మొదట మునిగేది మోటారే, తరువాత కరెంటు మీటరు.

మా మేస్త్రీకి ఇప్పుడు చూపు తగ్గింది. అతని కొడుకులు టైల్సు పని చేస్తారు. సున్నం అడిగేవారు లేరు, నేర్పినా కూలి గిట్టదని వారి మాట, అది నిజమే. నేను నేర్చుకొన్నది ఒక గది మేరకు. పుస్తకాలను ఇంకా కిందికి దించలేదు. రెండు వానకాలాలు గోడను చూసి మరీ దించమన్నాడు. ఒకటి గడిచింది. మెట్ల దగ్గరి మూలలో జానెడు మేర మచ్చ కట్టి, కార్తీకం నాటికి తనంతట తానే ఆరిపోయింది.